పుప్పొడి లేని కందిపువ్వు: నా వాంగ్మూలం

పాతబస్తీ ఇళ్లలో అన్నంలోకి చింతపండు పులుసు పోసి ఖట్టీ దాల్ కాస్తారు. అందులోని పప్పు మన్నెంకొండ కంది చేలో పండినదైతే దాంట్లో నేనూ ఉన్నట్టే. నేను మైటోకాండ్రియాను. కణానికి శక్తి పుట్టించే పని నాది. సొంత జన్యువులు కొద్దిగా ఉన్నాయి. నన్ను నడిపించే మిగతా జన్యువులన్నీ కేంద్రకం గుప్పిట్లో ఉంటాయి. మా వంశం అడవి కందిది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్‌లో కె.బి. సక్సేనా బృందం ఆ అడవి కందిని తల్లిగా, సాగు కందిని తండ్రిగా పెట్టి సంకరం చేస్తే పుప్పొడి పుట్టని మొక్కలు వచ్చాయి. 2005లో ఆ సంగతి ప్రచురించారు. 'ఎ4' అని పేరుపెట్టిన, నేనుండే ఈ కణద్రవ్యంతోనే 2010లో ఐసీపీహెచ్ 2671, 2015లో తెలంగాణకు మన్నెంకొండ కంది విడుదలయ్యాయి. పువ్వు గొడ్డుబోయిందంటే అందరి వేలూ నా వైపే చూపిస్తుంది. నేరం నా ఒక్కదానిది కాదని నా వాదన.

అడవిలో నన్ను మోసిన మొక్కకు పుప్పొడి నిండుగా ఉండేది. నేనే విషమైతే అక్కడే ఆ మొక్క గొడ్డుపోవాలి కదా. పటాన్‌చెరులో జరిగింది వేరు: సాగు కంది పుప్పొడిని తరం తర్వాత తరం అద్దుతూ పోతే కేంద్రకం దాదాపు పూర్తిగా మారిపోయింది, నేను మాత్రం తల్లి వెంట అలాగే వచ్చాను. దేవిడీ గోడలు అవే ఉండి హక్కుదారులు మారినట్టన్నమాట. కొత్త కేంద్రకానికి నా జన్యువులను అదుపుచేసే పాత ఉపాయం తెలియదు. అదే నన్ను 'ఆర్ లైన్' కంది పుప్పొడితో కలిపితే, దాని కేంద్రకంలోని పునరుద్ధారక జన్యువు వల్ల రైతు చేలో పువ్వులు మళ్లీ పుప్పొడి రాలుస్తాయి. నేను రవ్వంత కూడా మారలేదు. ఇక కేంద్రకం నా ప్రమేయం లేకుండానే పువ్వును గొడ్డుచేయగలదు. 1991 నాటి ఐసీపీహెచ్ 8 హైబ్రిడ్ అలాంటిదే. దాని విత్తనోత్పత్తిలో ఆడ వరుసల్లో సగం మొక్కలు పుప్పొడితో వచ్చేవి. పూత దశలో వాటిని ఒక్కొక్కటిగా గుర్తుపట్టి పీకాలి. ఆ కూలీ ఖర్చే దాన్ని ముంచింది. నేనున్న 'ఎ లైన్'ను, అదే కేంద్రకం ఉండి పుప్పొడి రాల్చే 'బి లైన్'తో కలిపితే అన్నీ గొడ్డు మొక్కలే, పీకే పని లేదు.

దీనికి గట్టి అభ్యంతరం వరి నుంచి వస్తుంది. 1970లో హైనాన్ దీవిలో దొరికిన అడవి వరి మైటోకాండ్రియాలో డబ్ల్యూఏ352 అనే అతుకుల జన్యువు ఉందని 2013లో తేలింది. రాజేంద్రనగర్‌లో రూపొందిన డీఆర్ఆర్‌హెచ్-3 వరి హైబ్రిడ్ తల్లి లైన్‌లో ఉన్నదీ ఆ కణద్రవ్యమే. దోషి దొరికినట్టే కదా అంటారు. కానీ అది చేసే పని చూడండి. ఆ జన్యువు తయారుచేసే ప్రోటీన్, కేంద్రకం పంపిన కాక్స్11 అనే ప్రోటీన్‌ను పట్టుకుంటుంది. దాంతో పుప్పొడికి తిండి పెట్టే లోపలి పొర కణాలు వేళకు ముందే చచ్చిపోతాయి. చేయి ఒకరిది, పట్టుబడింది మరొకరిది. పైగా కేంద్రకంలో ఆర్ఎఫ్4 ఉంటే డబ్ల్యూఏ352 ఆర్‌ఎన్‌ఏ తగ్గిపోతుంది, పుప్పొడి బతుకుతుంది. నా విషయంలో అనుమానం నాడ్7 అనే శ్వాస జన్యువులోని చిన్న తేడా మీద ఉంది. వరిలో ఉన్నంత గట్టి రుజువు ఇంకా లేదు.

స్వార్థం మాటేమిటి అని అడగొచ్చు. నాకు స్వార్థం లేదనను. నేను తల్లి ద్వారానే తర్వాతి తరానికి పోతాను, పుప్పొడి నాకు దారి కాదు. పుప్పొడికి పెట్టే ఖర్చు విత్తనానికి మళ్లితే నాకు లాభమే. కేంద్రకానికి మాత్రం పుప్పొడి సగం దారి, అందుకే పునరుద్ధారక జన్యువులు పుట్టుకొచ్చాయి. ఈ పేచీ లేకపోతే బ్రీడర్ల చేతికి ఈ పనిముట్టే దొరికేది కాదు.

నాకు జవాబు దొరకని అభ్యంతరం ఒకటుంది. 1970లో అమెరికా మొక్కజొన్నలో దాదాపు 85 శాతం టెక్సాస్ కణద్రవ్యంతోనే ఉండేది. దాని మైటోకాండ్రియాలో పుప్పొడిని ఆపిన టి-ఉర్ఫ్13 జన్యువు ప్రోటీనే ఆకుమాడు శిలీంధ్రపు విషానికి తలుపు తీసింది, సుమారు 15 శాతం పంట పోయింది. అక్కడ పునరుద్ధారక జన్యువులు పుప్పొడిని తెచ్చినా ఆకును కాపాడలేదు. కందిలో ఎ1 నుంచి ఎ8 దాకా కణద్రవ్యాలు గుర్తించారు, అయినా రైతు చేలకు చేరిన ఇక్రిశాట్ కణద్రవ్య హైబ్రిడ్లు నా ఎ4 మీదే ఆధారపడ్డాయి. మిగిలినవాటిలో చాలావాటికి నిలకడగా పనిచేసే జోడీలు వెతకాల్సిన పని ఇంకా మిగిలే ఉంది.