ప్లాటినం ప్యాకేజీ

నీట్ ర్యాంకులొచ్చిన మర్నాటి నుంచి ఊరంతా సలహాల ముసురు పట్టింది. లిఫ్టులో సలహా, మంగలి షాపులో సలహా, పెళ్లి భోజనాల దగ్గర పక్క విస్తట్లోంచి సలహా. నిన్నటిదాకా ఇళ్ల స్థలాలు అమ్మినాయన ఇవాళ కరెంటు స్తంభానికి కట్టిన ఫ్లెక్సీ మీద, మెడలో స్టెతస్కోపుతో నవ్వుతున్నాడు: "మీ ర్యాంకు ఎంతైనా సరే, సీటు మా బాధ్యత." ఆయన డాక్టరు కాదు. ఫొటో కోసం వేసుకున్నాడు.

ఇదివరకు ఈ వ్యాపారం చాటుమాటుగా సాగేది. ఇప్పుడు దానికి మెనూ కార్డు వచ్చింది. సిల్వర్ అంటే ఫోన్లో మాట్లాడతారు. గోల్డ్ అంటే వాట్సాప్ గ్రూపులో చేరుస్తారు. అక్కడ సార్ ఒక్కరే మాట్లాడతారు, మిగతావాళ్లు దణ్ణం బొమ్మలు పెట్టుకోవచ్చు. ప్లాటినం అంటే సార్ స్వయంగా, తన పది వేళ్లతో, మీ పిల్ల వెబ్ ఆప్షన్లు కొడతారు. 35 వేలు. అంటే వేలికి మూడున్నర వేలు.

మా తోడల్లుడు ప్లాటినం తీసుకున్నాడు. మనిషి అమాయకుడేం కాదు. నీటిపారుదల శాఖలో ఉద్యోగం, టెండరు ఫైల్లో కామా తప్పుపడినా పట్టేస్తాడు. ఆదివారం పొద్దున్నే సార్ ఇచ్చిన పుస్తకం పట్టుకుని దిగాడు. అవును, పుస్తకమే. స్పైరల్ బైండింగు, అట్ట మీద ఏడుకొండలవాడు, ప్రతి పేజీకీ అడ్డంగా లేత బూడిదరంగులో "రహస్యం" అని ముద్ర. లోపల కాలేజీల పేర్లు, పక్కన కిందటేడు ఎక్కడ ఏ ర్యాంకు దాకా సీటు వచ్చిందో అంకెలు. ఎవరికి ఏ ర్యాంకుకి ఎక్కడ సీటొచ్చిందో వరంగల్లో కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయం తన వెబ్‌సైట్లో పెడుతూనే ఉంటుంది. అటు విజయవాడలో ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయమూ అంతే. పైసా ఖర్చు లేదు. వాళ్లు బాహాటంగా పెట్టినదాన్ని ఈయన రహస్యం చేసి అమ్మాడు.

కాలేజీలకి రంగులు కూడా వేశారు. ఎరుపు డ్రీమ్, పసుపు రియలిస్టిక్, ఆకుపచ్చ సేఫ్. మొదటి పేజీ చూడగానే నాకు అనుమానమొచ్చింది.

"గాంధీ మెడికల్ కాలేజీ నాలుగో నంబర్లో ఉందేమిటయ్యా? పిల్ల గాంధీ, గాంధీ అని కలవరిస్తోందిగా?"

"మొదటే గాంధీ పెడితే అత్యాశ కింద లెక్కేస్తుందట అన్నయ్యగారూ. కాస్త తగ్గి పెడితే మనల్ని సీరియస్‌గా తీసుకుంటుందట."

"ఎవరు తీసుకునేది?"

"సిస్టం."

సిస్టం అంటే పెళ్లిచూపులకొచ్చిన పెద్దమనిషి అనుకున్నట్టున్నాడు సార్. అణకువగా తలొంచుకుంటే మెచ్చుకుంటుంది, గొంతెమ్మ కోర్కెలు కోరితే కాఫీ తాగి లేచిపోతుంది.

ఆ సిస్టం చేసే పనేమిటో చెప్తాను, వినండి. ర్యాంకుల వరస ముందు పెట్టుకుంటుంది. మొదటివాడి జాబితా తీస్తుంది. వాడు రాసిన మొదటి కాలేజీలో వాడి కోటాలో సీటుంటే ఇచ్చేస్తుంది, లేకపోతే రెండోది చూస్తుంది. తర్వాత రెండోవాడు. ఆ తర్వాత మూడోవాడు. అలా మీ పిల్ల వంతు వచ్చేసరికి, ఆమె లోకల్ ఏరియా, ఆమె రిజర్వేషన్ లెక్కలో ఏవి మిగిలాయో చూసి, వాటిల్లో ఆమె అన్నిటికంటే పైన రాసుకున్నదేదో అది ఇస్తుంది. అంతే. ఆ పిల్ల గాంధీని ఒకటో నంబర్లో రాసి అది రాకపోతే, రెండో నంబరు కాలేజీకి ఆమె అవకాశం ఆవగింజంత కూడా తగ్గదు. అదే గాంధీని నాలుగో నంబర్లోకి తోసి, పైన ఇష్టం లేనివి మూడు పెడితే? ఆ మూడింట్లో ఏదో ఒకటి దొరికిందంటే గాంధీ దాకా కంప్యూటర్ రానే రాదు. గాంధీలో సీటు ఖాళీగా ఉన్నా సరే. అంటే సార్‌గారి వ్యూహం ఫలించడమంటూ జరిగితే ఒకే రకంగా ఫలిస్తుంది: రావలసింది రాకుండా పోతుంది.

ఇష్టమొచ్చిన వరసలో రాసుకోండి అనే మాటకి 35 వేలు ఎవడిస్తాడు? అందుకే వ్యూహం కావాలి, రంగులు కావాలి, బూడిదరంగు ముద్ర కావాలి.

పదిహేడో నంబరు ముచ్చట వదిలిపెట్టలేను. ఒకటీ ఏడూ కూడితే ఎనిమిది. ఎనిమిది శనిది. పిల్ల జాతకంలో శని బాగాలేదట. వెబ్‌సైట్లో ఒక నంబరు ఖాళీగా వదిలేసే సౌకర్యం లేదు కాబట్టి, అక్కడ ఈ ర్యాంకుకి ఏ జన్మలోనూ రాని కాలేజీ ఒకటి పెట్టారు. పుస్తకం మొత్తంలో ఎవరికీ హాని చేయని సలహా అదొక్కటే. ఇరవై ఆరు దగ్గర మాత్రం శని గుర్తు రాలేదు మరి, అక్కడ మామూలు కాలేజీయే ఉంది.

ఏఐ ప్రిడిక్టర్ అని ఇంకో పేజీ. ఫలానా కాలేజీలో 92.6 శాతం అవకాశమట. ఆ పాయింట్ ఆరు ఎక్కడినుంచి వచ్చిందని అడిగాను. "ఏఐ కదా అన్నయ్యగారూ" అన్నాడు.

గ్యారంటీ కూడా ఉంది. సీటు రాకపోతే సర్వీసు చార్జీ పోను డబ్బు వాపసు. ఇందులోని తెలివికి దణ్ణం పెట్టాలి. వంద మంది దగ్గర డబ్బు పుచ్చుకుని సార్ కాలు మీద కాలేసుకుని కూర్చున్నా, ర్యాంకున్న పిల్లలకి సీట్లు వాటంతటవే వస్తాయి. వచ్చినవాళ్ల డబ్బు ఆయనది, వాళ్ల ఫొటోలు వచ్చే ఏడాది ఫ్లెక్సీకి. రానివాళ్ల దగ్గర సర్వీసు చార్జీ. వానలు పడతాయని పందెం కాసి, పడితే ఫీజు వసూలు చేసే జ్యోతిష్కుడు కూడా పడకపోతే ఏమీ అడగడు.

నాకు ఇక్కడిదాకా నవ్వొచ్చింది. ఆకుపచ్చ పేజీ తిప్పాక ఆగిపోయింది.

ఆ పేజీ ఢిల్లీ ఎంసీసీ, అంటే మెడికల్ కౌన్సెలింగ్ కమిటీ వాళ్ల కౌన్సెలింగ్‌ది. "సేఫ్" అని వరసగా డీమ్డ్ యూనివర్సిటీలు. ఏడాదికి 20 లక్షలు దాటే ఫీజులున్నవి. నీటిపారుదల శాఖ ఉద్యోగి కూతురికి అవి సేఫ్ అట! డీమ్డ్ వాటికి ముందుగానే 2 లక్షలు డిపాజిట్ కట్టించుకుంటారు. మొదటి రౌండులో వచ్చిన సీటు వద్దనుకుంటే పోయేదేమీ లేదు. ఆ తర్వాత వద్దంటే డిపాజిట్‌కి నీళ్లొదులుకోవాలి. చివరి స్ట్రే రౌండులో సీటొచ్చి చేరకపోతే పై ఏడాది పరీక్షకే ఎసరొస్తుంది. ఈ సంగతి ఆ పుస్తకంలో ఎక్కడైనా ఉందేమోనని అట్ట నుంచి అట్ట దాకా వెతికాను. లేదు. శని గురించి ఉంది, ఇది లేదు.

ఇక్కడ నాకు ఒళ్లు మండింది, ఇప్పటికీ చల్లారలేదు.

2025లో నీట్ రాసినవాళ్లు 22 లక్షల మంది. అర్హులైనవాళ్లు 12 లక్షల పైచిలుకు. ఆ ఏడాది జనరల్ కేటగిరీలో 720కి 144 వచ్చినా అర్హులే. దేశం మొత్తం మీద ఎంబీబీఎస్ సీట్లు 1.2 లక్షలు అటూ ఇటూ, వాటిలో ప్రభుత్వానివి సగం. అర్హుల్లోనే ఒక్కో సీటుకి పదిమంది. ఈ లెక్క ఏ వ్యూహానికీ లొంగదు. కన్సల్టెంటు వచ్చి తొమ్మిదిమందిని పదోవాడి కుర్చీలో కూర్చోబెట్టలేడు. చేయగలిగిందల్లా ఆ తొమ్మిదిమందినీ తలా కొంత దోచుకోవడం. "కంగ్రాచులేషన్స్, యు ఆర్ క్వాలిఫైడ్" అంటూ ఫలితాలొచ్చిన గంటకల్లా ఫోన్ చేస్తున్నారు కదా, పిల్లల నంబర్లు వాళ్లకెవరిచ్చారు? ఈ ప్రశ్న ఒక్క అధికారీ అడగడేం?

తల్లిదండ్రుల భయం ఉత్తినే పుట్టలేదు. తెలంగాణ ప్రైవేటు కాలేజీలో కన్వీనర్ కోటా ఫీజు ఏడాదికి 60 వేలు. అదే బెంచీ మీద, అదే పాఠం వింటూ పక్కన కూర్చున్న బి కేటగిరీ (మేనేజ్‌మెంట్ కోటా) పిల్లాడికి 11 లక్షల పైచిలుకు. సి కేటగిరీకి, అంటే ఎన్నారై కోటాకి, దానికి రెట్టింపు దాకా. నాలుగు మార్కుల తేడా ఒక ఇంటిని అమ్మిస్తుంది. ప్రైవేటువాళ్లనే అనడమెందుకు, 2023లో ఆంధ్రప్రదేశ్‌లో విజయనగరం, రాజమహేంద్రవరం, ఏలూరు, మచిలీపట్నం, నంద్యాలలో కొత్త ప్రభుత్వ కాలేజీలు తెరుస్తూ, వాటిల్లోనే కొన్ని సీట్లకి 12 లక్షలు, కొన్నిటికి 20 లక్షలు అని సర్కారే జీవో ఇచ్చింది. ప్రభుత్వ భవనం, ప్రభుత్వ ఆసుపత్రి, ఉచితంగా చూపించుకోవడానికొచ్చిన పేద రోగి, దాని మీద 20 లక్షల సీటు. రాజు తలచుకుంటే దెబ్బలకు కొదవా అంటారు. రాజే కొట్టు తెరిచాక బ్రోకర్లకు మాత్రం ఏం కొదవ!

లోకల్ సంగతికొద్దాం. హైదరాబాద్ పిల్లల్ని పదో తరగతి కాగానే విజయవాడ, గుంటూరు హాస్టళ్లకి తరలించమన్నదెవరు? ఈ కన్సల్టెంట్లే. "అక్కడి కోచింగే వేరు" అన్నారు. తల్లిదండ్రులు ఏడుస్తూనే ట్రంకుపెట్టెలు సర్దారు. 2024 జులైలో తెలంగాణ జీవో 33 వచ్చింది. తొమ్మిది నుంచి ఇంటర్ దాకా నాలుగేళ్లూ ఇక్కడే చదివితేనే లోకల్. పుట్టింది సికింద్రాబాద్, అమ్మమ్మది సికింద్రాబాద్, రేషన్ కార్డు సికింద్రాబాద్, రెండేళ్లు విజయవాడ హాస్టల్లో సాంబారు తిన్న పాపానికి నాన్‌లోకల్. కోర్టుల చుట్టూ తిరిగారు. 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు ఆ రూలుకే ఓటేసింది. విజయవాడ వెళ్లమన్న పెద్దమనుషులు ఏమయ్యారు? బోర్డు మార్చారు. ఇప్పుడు "లోకల్ స్టేటస్ గైడెన్స్" అమ్ముతున్నారు, గోల్డ్ ప్యాకేజీలో.

ఎన్నారై కోటా గురించి ఒక్క మాట చాలు. మేనమామ అమెరికాలో ఉంటే మేనకోడలు ఎన్నారై అయ్యే చమత్కారాన్ని పంజాబ్ ప్రభుత్వం రూలు చేయబోతే, 2024 సెప్టెంబరులో సుప్రీంకోర్టు మోసమని తిట్టి పంపింది. మనవాళ్లు ఆ తీర్పు చదివి మేనమామ బదులు ఎవరు పనికొస్తారో ఆరా తీస్తున్నారు.

సీట్ బ్లాకింగ్ అనే కళ కూడా ఉంది. చేరే ఉద్దేశం లేని పొరుగు రాష్ట్రాల ర్యాంకర్ల పేర్ల మీద పీజీ సీట్లు పట్టేశారని 2022లో కాళోజీ వర్సిటీయే వరంగల్ పోలీసులకి ఫిర్యాదు చేసింది. అదీ వ్యూహమే, కాకపోతే ప్లాటినం కంటే ఖరీదు.

ఇక విదేశీ ఎంబీబీఎస్. స్టార్ హోటల్లో ఉచిత సెమినార్, వెజ్ మంచూరియా, లక్కీ డిప్పులో ట్రాలీ బ్యాగు. తెర మీద మంచు, బొచ్చుటోపీలు, నవ్వుతున్న తెలుగు పిల్లలు, "ఇండియన్ మెస్ ఉంది అంకుల్" అంటూ ఒక వీడియో. తిరిగొచ్చాక రాయాల్సిన ఎఫ్ఎంజీఈ గురించి ఆఖర్న, ఏసీ ఆపుతుండగా, ఒక స్లైడు. 300 ప్రశ్నలు, 150 రావాలి, నెగెటివ్ మార్కులు లేవు, కాబట్టి వీజీ అన్నారు. అంత వీజీ అయిన పరీక్షలో 2025 జూన్‌లో రాసినవాళ్లలో ఐదో వంతు మంది కూడా గట్టెక్కలేదు. ఫిలిప్పీన్స్ కథ ఇంకా ఘోరం. కోర్సు 54 నెలలకి తగ్గకూడదు, ఆ దేశంలోనే ఏడాది ఇంటర్న్‌షిప్ ఉండాలి, చదివినచోటే ప్రాక్టీసు చేసే హక్కు ఉండాలి అని 2021 నవంబరులో జాతీయ వైద్య కమిషన్ నిబంధనలు తెచ్చింది. అక్కడి ఎండీ 48 నెలలు. ఆ నిబంధనలొచ్చాక కూడా మనవాళ్ల బ్రోషర్లలో మనీలా ఆకాశం నీలంగానే ఉంది. పొలం అమ్మి పంపిన తండ్రికి ఫోన్ చేసి, అయ్యా రూలు మారింది అని చెప్పినవాడు ఒక్కడుంటే చూపించండి. కమీషన్ అప్పటికే అందింది కదా, ఫోన్ బిల్లు దండగ.

సరే, నా కన్సల్టెన్సీ కూడా వినండి, ఫీజు లేదు. ఇష్టమైన వరసలో రాయండి. ఫీజు కట్టలేని కాలేజీ, చేరే ఉద్దేశం లేని కాలేజీ జాబితాలో ఎక్కడా పెట్టకండి. కుల ధ్రువపత్రం, ఈడబ్ల్యూఎస్ ఉంటే అది, స్టడీ సర్టిఫికెట్లు ఫలితాలకంటే ముందే తీసి పెట్టుకోండి. గడువు రోజున మీసేవలో సర్వర్ పడుకుంటుంది. నోటిఫికేషన్ మీరే చదవండి, ఇంగ్లిష్ అర్థం కాకపోతే పిల్లే చదివి చెప్తుంది, బయాలజీ అంతా ఇంగ్లిష్‌లో బట్టీ పట్టిన పిల్ల. పాస్‌వర్డూ ఓటీపీ ఎవరి చేతిలోనూ పెట్టకండి, ముఖ్యంగా పది వేళ్లూ ఖాళీగా ఉన్నవాళ్ల చేతిలో.

మా తోడల్లుడు అంతా విన్నాడు. పిల్ల ఫోన్ తీసుకుని గాంధీని పైకి జరిపింది. పదిహేడో నంబరు మాత్రం ముట్టుకోనివ్వలేదు వాళ్లమ్మ.

అన్నట్టు, ఈ ఆదివారం మా కాలనీ ఫంక్షన్ హాల్లో ఇంకో ఉచిత సెమినార్ ఉంది. ఎనిమిదో తరగతి పిల్లల తల్లిదండ్రులకి. తొమ్మిదిలోకి రాకముందే లోకల్ ప్లానింగ్ చేసి పెడతారట. ముందు పేరిచ్చిన యాభై మందికి స్టెతస్కోపు ఫ్రీ.