‘రిమూవ్ డిస్క్స్’ సూత్రానికి టీకా తాత్పర్యం

మూలం: రిమూవ్ డిస్క్స్ ఆర్ అదర్ మీడియా. ప్రెస్ ఎనీ కీ టు రీస్టార్ట్.

సిద్దిపేట జిరాక్స్ సెంటర్లలో పొద్దున్నే స్విచ్ వేయగానే నల్లని తెర మీద ప్రత్యక్షమయ్యే ఈ సూత్రానికి ప్రతిపదార్థం పదో తరగతి పిల్లలు చెబుతారు గనుక వదిలేస్తున్నాం. తేలాల్సింది వక్త ఎవరన్నది. భుజాన బ్యాగుతో వేంచేసే సర్వీసు పండితులు ఇది విండోస్ మరణవాంగ్మూలమని ఏకగ్రీవంగా తేల్చారు. ‘విండోస్ కరప్టయింది, ఫార్మాట్ కొట్టాలె’ అన్నది వారి తాత్పర్యం. ఇది అపవ్యాఖ్య. మాట్లాడుతున్నది నిన్న ఎవరో మరిచిపోయిన పెన్‌డ్రైవ్. విండోస్‌లో ఫ్యాట్32 పద్ధతిన ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్ బూట్ సెక్టార్‌లో, 512 బైట్ల జాగాలో, ఈ వాక్యం ముందే రాసి ఉంటుంది. బూట్ ఆర్డర్‌లో యూఎస్‌బీ ముందుంటే పాత బయోస్ అక్కడికే పోతుంది. సెక్టార్ చివర 55ఏఏ ముద్ర చూసి పెత్తనం అప్పజెబుతుంది. లోపల విండోస్ ఉండదు. నన్ను పీకేయండి మహాప్రభో అని నేరస్థుడే మొత్తుకుంటుంటే, పండితులు హార్డ్‌డిస్కుకు శిక్ష వేస్తున్నారు.

అపవ్యాఖ్య అనగానే సంస్కృత కావ్యాల వ్యాఖ్యాత మల్లినాథ సూరి తలపుకు రావాల్సిందే. ఆయనది కొల్చారం. 2016లో కొత్త జిల్లాలు ఏర్పడేదాకా సిద్దిపేట, కొల్చారం రెండూ మెదక్ జిల్లాలోవే, కాబట్టి మనవాడే. దుర్వ్యాఖ్యల విషానికి మూర్ఛిల్లిన కాళిదాసు వాక్కును బతికిస్తానని తన టీకకు సంజీవని అని పేరు పెట్టుకున్నాడు. మాఘుడికి సర్వంకష, భారవికి ఘంటాపథం రాశాడు. భారవి మాట కొబ్బరికాయ వంటిదనీ, పగలగొట్టి లోపలి సారం చేతికిస్తాననీ అన్నాడు. ఆధారం లేనిది రాయనని, అక్కర్లేనిది చెప్పనని ప్రతిజ్ఞ కూడా చేశాడు. మన సర్వీసు పండితులు పగలగొట్టడం వరకు ఆయన శిష్యులే.

పూర్వపక్షం: కొత్త యూఈఎఫ్‌ఐ యంత్రాల్లో ఈ చిక్కు ఎక్కడిది? ఈ సూత్రం వరకు నిజమే. కానీ వేలిముద్రల మిషన్, కార్డ్ రీడర్, చవక హబ్ సరిగా బదులివ్వకపోతే కొత్త యంత్రమూ కంపెనీ లోగో దగ్గరే నిలబడిపోవచ్చు. ముందు సాకెట్‌లో పిన్ను వంగితే కొన్ని బోర్డులు ఓవర్ కరెంట్ అని అరిచి 15 సెకండ్లలో ఆరిపోతాయి. అప్పుడు పండితులకు మదర్‌బోర్డ్ పోయినట్టు కనిపిస్తుంది. పవర్ ఆపి, కీబోర్డూ మౌసూ తప్ప అన్నీ పీకి, ఆన్ అయితే ఒక్కొక్కటే పెట్టి చూడాలి. బయోస్‌లో హార్డ్‌డిస్కును ముందుకు జరపాలి. వంగిన పిన్ను మాత్రం పీకితే పోదు, సాకెట్ మార్పించాలి.

మరి ఫార్మాట్ కొడితే బాగైంది గదా అంటారా? తన విండోస్ పెన్‌డ్రైవ్ గుచ్చబోయే ముందు పండితుడు ఏం చేశాడో చూడండి: పాతదాన్ని పీకాడు. రోగం అక్కడే కుదిరింది. తరవాతి రెండు గంటలూ, డెస్క్‌టాప్ మీది పాస్‌పుస్తకాల స్కాన్లు చెరిగిపోవడమూ, బిల్లూ కేవలం అలంకారాలు. ఆదాయం సర్టిఫికెట్‌కు పొద్దుటినుంచి నిలబడ్డ మనిషిని మాత్రం కాగితాలన్నీ పట్టుకుని రేపు మళ్లీ రమ్మంటారు.