మనసులు చదివి మంచాల లెక్క

సైకాలజీ చదివితే ఉద్యోగాల్లేవన్నది ఎవరో గానీ, వాళ్లనోసారి షార్జా ఇండస్ట్రియల్ ఏరియాకు పంపండి. మా మేనల్లుడికి దిగిన పదో రోజే దొరికింది. కూలీలుండే లేబర్ క్యాంప్ బాస్‌కు అసిస్టెంటు.

ఊరికే దొరికిందా! డిగ్రీ మీద మన రాష్ట్రంలో ఒక ముద్ర, ఢిల్లీ విదేశాంగ శాఖలో ఒకటి, యూఏఈ ఎంబసీలో ఒకటి, ఇక్కడికొచ్చాక ఇంకొకటి. పెళ్లిపత్రికకు కూడా ఇన్ని పసుపుబొట్లు పెట్టరు. అన్నీ తిరగేసి మేనేజరు అడిగింది ఒక్కటే: "సైకాలజీ అంటే మనుషుల్ని కంట్రోల్ చేసేదే కదా?"

అవునన్నాడు పిల్లాడు. మూడేళ్ల చదువు ఆ ఒక్క అబద్ధానికి పనికొచ్చింది.

ఇప్పుడతని ప్రాక్టీసు చూడండి. ఏ బెడ్డు ఎవరికివ్వాలి, ఎవరి గురక ఎవరు భరిస్తారు, సెలవివ్వకపోతే ఎవడు కంపెనీ వదిలి పారిపోయి కల్లివెల్లి అయిపోతాడు, అన్నీ ముఖం చూసి చెప్పాలి. అవసరాల మెట్లంటూ మాస్లో 1943లో రాసినదానికి ఇక్కడ సవరణ వచ్చింది: కింది బెడ్డు దొరకడమే ఆత్మసాక్షాత్కారం.

సైకాలజిస్టునని బోర్డు కట్టుకోవాలంటే ఆరోగ్య శాఖ లైసెన్సు కావాలి. ఉత్త డిగ్రీకి అది రాదు. ఇంటిదగ్గర మాత్రం? 1992 చట్టం కింది రిహాబిలిటేషన్ కౌన్సిల్‌లో క్లినికల్ సైకాలజిస్టుగా పేరెక్కాలంటే ఎంఫిల్ కావాలన్నారు ఏళ్ల తరబడి. పాస్‌పోర్టుకు ఈసీఆర్, అంటే వలస అనుమతి తప్పనిసరన్న ముద్ర, పడకుండా ఉండటానికా, పదో తరగతి చాలు. మధ్యలో కట్టిన ఫీజంతా కాలేజీవాడి మనశ్శాంతికి.

ఎండకు చట్టముంది. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు వరకు ఎండలో పని చేయించకూడదు. జగిత్యాలలో ఏజెంటు కోసం తెచ్చిన అప్పుకు ఆ విరామం లేదు. మూడు రూపాయల వడ్డీతో పెరుగుతూనే ఉంటుంది. నీడన కూర్చున్నవాడికి అదే గుర్తొస్తుంది. రాత్రి ఫోన్లో "మంచిగనే ఉన్న" అని చెప్పి, ముఖాన దుప్పటి కప్పుకుంటాడు. సైకాలజీ తెలిసినవాడు ఆ గదిలోనే ఉన్నాడు, తలలు లెక్కబెడుతూ.

"కాసేపు మాట్లాడొచ్చు కదరా?" అన్నాను.

"నా డ్యూటీలో కౌన్సెలింగ్ లేదు మామా, హెడ్ కౌంటే."

గోడు చెప్పుకోవడానికి దుబాయ్‌లో మన కాన్సులేట్ వారి ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం ఉంది. టోల్‌ఫ్రీ నంబరు 800 46342. క్యాంపుల ఓనర్లూ, సైకాలజిస్టును పెట్టమనేంత అత్యాశ మాకు లేదు. గదికి ఎంతమందో రాసి గోడకు పెట్టిన కాగితం పక్కన ఈ నంబరు అంటించండి. అది దేనికో పైన తెలుగులో రాయండి.