మేడిసన్ను రుసుము: సటీకా తాత్పర్యము

ఆ. ఓటు నొకఁడు వేయ నొండొకఁ డప్పునుఁ
దీర్చుఁ దుదకు; నడుమఁ దీరుఁ గొలను;
మునుఁగువాఁడు వేఱు, మోయువాఁడును వేఱు;
మేడిసన్ను రుసుము మేటి లీల.

అవతారిక. కర్త పేరు తెలియని చాటువు అని రాస్తే పద్యానికి కాస్త గౌరవం దక్కుతుంది. కానీ దీన్ని నిన్న రాత్రి నేనే కట్టాను. రెండో పాదంలో గణం చాలక "తుదకు" అన్న మాట ఇరికించాను కూడా. మన మెదకు సీమ కొల్చారం వాడైన మల్లినాథసూరి, మూలంలో లేనిది రాయనని ఒట్టు పెట్టుకుని కాళిదాసుకు వ్యాఖ్యలు రాశాడు. ఆయనకు కాళిదాసు దొరికాడు, నాకు నేనే దొరికాను. కనుక ఆ ఒట్టు నాకు వర్తించదు.

సందర్భం. అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం, మేడిసన్ పట్నం. పక్కనే మెండోటా సరస్సు. చలికాలంలో గడ్డకడితే జనం దాని మీద నడుస్తారు. తెలుగు చాటువులను ఇంగ్లీషులో పుస్తకంగా తెచ్చినవారిలో ఒకరైన వెల్చేరు నారాయణరావు దశాబ్దాల పాటు తెలుగు చెప్పింది ఈ ఊళ్ళోనే. కాబట్టి ఈ ఊరి మీద ఒక ఆటవెలది చెప్పడం మరీ అపచారమేమీ కాదు.

ఆ విశ్వవిద్యాలయంలో వ్యాయామశాలలు పాతబడ్డాయి. సెర్ఫ్ అని పిలిచే భవనం 1983 నాటిది, నాటటోరియం అనే మరో భవనం అంతకన్నా ముందుది. 2010లో ఆ నాటటోరియం ఒక్కదాన్ని బాగుచేయడానికి రుసుము పెంచుదామా అని విద్యార్థులను అడిగితే, వద్దన్నారు. 2014 మార్చిలో ఇంకా పెద్ద పద్దుతో మళ్ళీ అడిగారు: మొత్తం 22.3 కోట్ల డాలర్లు, అందులో 57 శాతం విద్యార్థుల రుసుము నుంచే, అంటే తలకు సెమిస్టరుకు సుమారు 108 డాలర్లు. ఈసారి ఓటేసినవాళ్ళలో 87 శాతం మంది సరేనన్నారు. నాలుగేళ్ళలో మనసులు మారాయని పొంగిపోకండి. మారింది మనుషులు. 2010లో వద్దన్నవాళ్ళలో చాలామంది అప్పటికి పట్టాలు పుచ్చుకుని వెళ్ళిపోయారు.

ప్రతిపదార్థం. ఒకఁడు = 2014లో అక్కడ చదువుతున్నవాడు; ఓటున్ = తన సమ్మతిని; వేయన్ = వేయగా; ఒండొకఁడు = మరొకడు, అనఁగా ఆ మార్చి నెలలో ఎక్కడో ఆరో తరగతి లెక్కలతో కుస్తీ పడుతున్నవాడు; అప్పునున్ = ఋణమును; తుదకున్ = (పైన విన్నవించితిని); తీర్చున్ = తీర్చును; నడుమన్ = ఈ ఇద్దరికీ మధ్య; కొలను = యాభై మీటర్ల ఈతకొలను; తీరున్ = ఏర్పడును. తక్కినది సుబోధము.

టీక. ఇందులో "అప్పు" శబ్దం జాగ్రత్తగా చూడదగినది. నిఘంటువులు దీనికి రెండర్థాలు చెబుతాయి: ఋణం ఒకటి, నీరు ఒకటి. ఇక్కడ కవి దేన్ని ఉద్దేశించాడని పాఠకుడు అడగవచ్చు. కొలనులో ఉన్నది రెండు అప్పులూను.

"రుసుము" అరబ్బీ నుంచి వచ్చిన మాట. మూలంలో ఆచారాలని అర్థం. ఒకసారి మొదలైన ఆచారం ఆగదన్న సంగతి ఆ మాటలోనే ఉంది. మేడిసన్‌లో దీన్ని సెగ్రిగేటెడ్ ఫీజు అంటారు, ముద్దుగా సెగ్ ఫీజు. చదువు చెప్పినందుకు తీసుకునే ట్యూషన్‌తో కలపకుండా వేరుగా ఉంచేది కనుక ఆ పేరు. జేబు నుంచి డబ్బును వేరుచేసేది కనుక ఆ పేరని మరొక వ్యుత్పత్తి. విద్యార్థులు రెండోదానివైపే మొగ్గుతారు. జిమ్ముకు రోజూ వెళ్ళేవాడూ కట్టాలి, గుమ్మం తొక్కనివాడూ కట్టాలి.

"మోయువాఁడు" దగ్గర వ్యాఖ్యాతలకు పెద్ద పేచీ. మునుఁగువాఁడంటే కొలనులో ఈదేవాడనీ, మోయువాఁడంటే పక్క గదిలో బార్‌బెల్ ఎత్తేవాడనీ, పద్యం కేవలం వ్యాయామశాల వర్ణన అనీ, ఇందులో ఎత్తిపొడుపేమీ లేదనీ ఒక పక్షం. వినడానికి బాగుంది. కానీ ఒకే మనిషి పొద్దున బరువులెత్తి సాయంత్రం ఈదవచ్చు కదా, మరి కవి "వేఱు, వేఱు" అని రెండుసార్లు ఎందుకు నొక్కినట్టు? రుసుము మోయువాఁడన్నదే సరైన అర్థం. విశ్వవిద్యాలయం ఈత జట్టు కూడా ఆ కొలనులోనే సాధన చేస్తుంది. మునిగేవాళ్ళు కొందరు, మోసేవాళ్ళు అందరూ. ఈ విషయంలో కవి ఉద్దేశం నాకు బాగా తెలుసు.

పూర్వపక్షం. నాకు అక్కరలేనిదానికి నా చేత బలవంతంగా కట్టించడం న్యాయమా? ఈ ప్రశ్న ఈ ఊళ్ళోనే పుట్టి సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. సౌత్‌వర్త్ అనే న్యాయవిద్యార్థి, అతని తోటివాళ్ళు, తమకు గిట్టని భావాలు చెప్పే విద్యార్థి సంఘాలకు తమ రుసుము ఎందుకు పోవాలని దావా వేశారు. ఆ గొడవ నాటికి రుసుము ఏడాదికి 331.50 డాలర్లు. 2000 మార్చిలో కోర్టు, ఏ భావానికీ పక్షపాతం చూపకుండా పంచితే రుసుము వసూలు చేయవచ్చని తేల్చింది. అయితే సంఘాలకు డబ్బు ఇవ్వాలో వద్దో విద్యార్థుల ఓటింగుతో తేల్చే పద్ధతి మీద మాత్రం అనుమానం వెలిబుచ్చి, ఆ ముక్కను కింది కోర్టుకు తిప్పి పంపింది. ఎక్కువమందికి నచ్చితేనే ఒకడి మాటకు చోటు అంటే నిష్పాక్షికత ఎక్కడిదని దాని సారం.

సమాధానం. అది మాటల సంగతి. డంబెల్‌కు అభిప్రాయాలు లేవు. కనుక ఓటు చెల్లుతుంది.

ఇక్కడ టీకాకారుడి సొంత గోడు ఒకటి. నేను చదివిన కాలేజీలోనూ స్పోర్ట్స్ ఫీజు ఉండేది. దానికి ఓటు లేదు, రసీదు ఉండేది. గులాబి రంగు కాగితం, నీలి స్టాంపు. జిమ్ము తాళంచెవి వాచ్‌మన్ మొలతాడుకు కట్టి ఉండేది. మూడో ఏడు ఎలాగో బతిమాలి తెరిపిస్తే, లోపల ఒక రెక్సిన్ చినిగిన బల్ల, అయిదు కిలోల డంబెల్ ఒకటి, ఏడున్నర కిలోలది ఒకటి, మిగతా గది నిండా పాత జవాబు పత్రాల కట్టలు. "ఎత్తుకోండి బాబూ, అవీ బరువే" అన్నాడు వాచ్‌మన్. 87 శాతం అన్న అంకె చూసినప్పుడు నాకు అసూయ కలిగింది కొలను గురించి కాదు, అడిగినందుకు.

అలంకారం. కారణం ఒకచోట, కార్యం ఇంకొకచోట ఉంటే అసంగతి. ఇక్కడ ఎడం చోటులో కాదు, కాలంలో. 2014లో మొదటి ఏడు చదువుతూ ఓటేసినవాడు సకాలంలో చదువు ముగిస్తే 2017లో బయటపడతాడు. సెర్ఫ్‌ను తీసేసి ఆ స్థలంలో కట్టిన నికోలస్ కేంద్రం తలుపులు తెరిచింది 2020లో, అదీ కోవిడ్ రోజుల్లో. నాటటోరియం చోట వచ్చిన బాకీ కేంద్రం 2023లో, లోపల మంచు మీద జారే రింకుతో సహా. దాత ఇంటిపేరు బాకీ కావడం, ఇంగ్లీషువాడికి పట్టకపోయినా, తెలుగు పాఠకుడికి అయాచితంగా దొరికిన శ్లేష. ఇంత శ్లేష కావాలని పెట్టగల కవి కాదు ఈ కవి.

లీల అంటే ఆట. ఆటలకు కట్టే రుసుము కనుక సార్థకం. ఇక 108 అన్నది అష్టోత్తర శతం. ఇన్ని నామాలు చదివితే పుణ్యం; ఇన్ని డాలర్లు కట్టినవాడికి ఏం వస్తుందో ఏ పురాణమూ చెప్పలేదు.

తాత్పర్యం. ఓటేసినవాడు ఈదలేదు, ఈదుతున్నవాడు ఓటేయలేదు. అయితే 1983లో సెర్ఫ్ కట్టినవాళ్ళు కూడా 2014 వాడిని అడిగి కట్టలేదు. అతను ఊరికే వచ్చి ఆ పాత ట్రెడ్‌మిల్ల మీద పరిగెత్తి, ఇవి బాగాలేవని ఓటేసి వెళ్ళాడు.

ఇంతవరకూ విన్న శిష్యుడు, "గురువుగారూ, ఆనాడు మీరుంటే ఎటు వేసేవారు?" అన్నాడు.

"సరేననే వేసేవాణ్ణిరా. మార్చిలో ఓటు, మే నెలలో నాకు పట్టా."