డబుల్ స్టాండు వేసే ఓపిక లేదా?

శంషాబాద్‌లో ఏ టీ కొట్టు ముందర చూసినా బండ్లన్నీ ఎడమకు ఒరిగి, ఒకదాని హ్యాండిల్ ఇంకోదాని అద్దంలో ఇరుక్కుని ఉంటాయి. కాలితో సైడ్ స్టాండు తన్నడం, తాళం పీకడం, ఫోన్ చెవిన పెట్టుకుని పోవడం. నాలుగు బండ్లు పట్టే జాగాలో మూడే పడతాయి. ఒకదాన్ని కదిపితే వరసంతా కూలుతుంది.

మా రోజుల్లో విమానాలు బేగంపేటలో దిగేవి. 2008 మార్చిలో కదా ఎయిర్‌పోర్టు ఇక్కడికొచ్చింది! అంతకుముందు ఇది బెంగళూరు హైవే మీద చిన్న ఊరు. మాకు ఉన్నవి చేతక్‌లు, రాజ్‌దూత్‌లు, కలిగినోళ్లకు బుల్లెట్లు. సినిమా హాలుకు పోతే టోకెన్ ఇచ్చే పిల్లగాడు డబుల్ స్టాండు వేసేదాకా ఊరుకునేవాడు కాదు.

దానికి బలం అక్కర్లేదు, ఒడుపు కావాలి. ఎడమ చెయ్యి హ్యాండిల్ మీద, కుడి చెయ్యి సీటు వెనక పట్టీ మీద పెట్టి బండిని నిటారుగా నిలపాలి. కాలితో స్టాండు నొక్కి, దాని రెండు కాళ్లూ నేలకు ఆనాయని తెలిశాక ఒంటి బరువంతా ఆ కాలి మీద వెయ్యాలి. బండి తనంతట తానే వెనక్కి ఎక్కుతుంది. చేతులతో ఎత్తబోతే నడుము పడుతుంది. 112 కిలోల స్ప్లెండరైనా, 195 కిలోల క్లాసిక్ బుల్లెట్టయినా పద్ధతి ఇదే.

ఇదంతా పార్కింగు కోసమేనా? ఔటర్ రింగ్ రోడ్డు మీదికి, పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మీదికి టూ వీలర్లను రానివ్వరు. ఎయిర్‌పోర్టు డ్యూటీ పిల్లలంతా కింది రోడ్లలోనే, లారీల దుమ్ములోనే తిరగాలి. ఆ దుమ్మంతా చైనుకే పడుతుంది. డబుల్ స్టాండు వేస్తే వెనక చక్రం గాల్లో ఉంటుంది. చేత్తో తిప్పుతూ గుడ్డతో తుడిచి, ఆయిల్ పెట్టి, కింది వైపు చైను మధ్యలో వేలితో ఆడించి చూడొచ్చు. మామూలు బండ్లకు రెండు మూడు సెంటీమీటర్లు ఆడితే సరే. ఇంజన్ నడిపి, గేరులో వేసి మాత్రం గుడ్డ పెట్టొద్దు, వేళ్లు పోతాయి. ఇంజన్ ఆయిల్ చూడాలన్నా బండి నిలువుగా ఉండాల్సిందే. ఒరిగిన బండిలో లెవెల్ తప్పు చూపిస్తుంది.

ఇప్పటి స్పోర్ట్స్ బండ్లు చాలావాటికి ఈ స్టాండే ఇవ్వట్లేదు. చైను తుడవాలంటే ప్యాడాక్ స్టాండు వేరే కొనాలి, వెనక చక్రం లేపేటప్పుడు ముందర ఒక మనిషి పట్టుకోవాలి. వేలకు వేలు పోసి కొన్న బండికి ఇంత ఇనుము కరువైందా?

సైడ్ స్టాండు దించి ఉంటే ఇంజన్ ఆగిపోయే ఏర్పాటు మాత్రం మంచిది. అది లేనప్పుడు ఎంతమంది ఎడమ మలుపులో పడ్డారో! ఎదురొచ్చేవాళ్లు "అన్నా, స్టాండు!" అని అరిచి కాపాడేవాళ్లు.

సైడ్ స్టాండే గతి అయితే కనీసం పద్ధతిగా వెయ్యండి. మే నెల ఎండకు తారు మెత్తబడి స్టాండు దిగిపోతుంది, వానకు ఎర్రమట్టి అంతే. కింద చదును రాయి పెట్టండి. వాలులో ముందు చక్రం ఎగువకు ఉంచి, ఫస్ట్ గేరులో వదలండి.

కొత్త బండి కొనేటప్పుడు మైలేజీతో పాటు డబుల్ స్టాండు, అదే సెంటర్ స్టాండు, కూడా అడగండి. ఉన్నవాళ్లు సర్వీసింగుకు ఇచ్చినప్పుడల్లా దాని పిన్నుకు గ్రీజు పెట్టించండి, స్ప్రింగు చూపించండి. నెలల తరబడి వాడక, తుప్పు పట్టి బిగుసుకుపోయాకే మా మనవడు "రావట్లేదు తాతా" అంటున్నాడు.