కెమెరా మెనూ పద్యము – టీకాతాత్పర్య సహితము

మూలము

తేది గంట దిద్ది దేశకాలము నెంచి
కార్డు తుడిచి కూత కట్టివేసి
వరుస సంఖ్య నిలిపి వర్ణంబు సరిచూచి
తెరను నమ్మకుండ తెలివితోడ
మీట నొక్కవలయు మిత్రమా యాపైన

అవతారిక

కొత్త డిజిటల్ కెమెరా కొన్న ఒకానొక గృహస్థు అట్టపెట్టె విప్పాడు. బ్యాటరీ చార్జింగు పెట్టి, అది నిండేలోగా మెడపట్టీని కంపెనీ పేరు బయటికి కనబడేలా తగిలించాడు. తీరా ఆన్ చేస్తే తెర వెలిగి, ముందు భాష చెప్పు, తర్వాత ఊరు చెప్పు, ఆ తర్వాత తేదీ చెప్పు అని నిలదీసింది. కొన్ని నికాన్ మోడళ్ల భాషల పట్టికలో తెలుగూ ఉంటుంది. అయినా మనవాడు ఇంగ్లీషే ఎంచుకుంటాడు, యూట్యూబులో పాఠం చెప్పేవాడి మెనూ ఇంగ్లీషులో ఉంటుంది కనుక. మిగిలిన ప్రశ్నలన్నింటికీ ఓకే, ఓకే, ఓకే అని నొక్కుకుంటూ పోయాడు. అది చూసి ఓర్వలేక మూలకారుడు ఈ పద్యం చెప్పాడు. తన పేరు చెప్పుకోలేదు. మొట్టమొదట తేదీనే ఎత్తుకున్నాడంటే పెళ్లి ఆల్బములు కూర్చే వృత్తివాడై ఉంటాడని మా ఊహ.

మెదక్ సీమలోని కొల్చారం వాడైన మల్లినాథసూరి, ఆధారం లేనిది రాయననీ అక్కర్లేనిది చెప్పననీ మాట ఇచ్చి మరీ కాళిదాసుకు వ్యాఖ్య రాశాడు. ఈ వ్యాఖ్యాత మొదటి మాట నిలబెట్టుకోగలడు. రెండోదానికి హామీ లేదు, వ్యాఖ్యానిస్తున్నది మెనూ కాబట్టి.

ప్రతిపదార్థము

మిత్రమా = ఓ స్నేహితుడా (అనగా, "ఫొటోలు నువ్వే తియ్యాలిరా" అని చుట్టాలచే నియమింపబడినవాడా); తేది = దినమును; గంట = వేళను; దిద్ది = సరిచేసి; దేశకాలమున్ = ఉన్న చోటి కాలమును, అనగా టైమ్ జోనును; ఎంచి = ఎన్నుకొని; కార్డు = మెమరీ కార్డును; తుడిచి = ఫార్మాట్ చేసి; కూత = బీప్ శబ్దమును; కట్టివేసి = ఆఫ్ చేసి; వరుస సంఖ్య = ఫైలు నంబరును; నిలిపి = తెగకుండ సాగునట్లు చేసి; వర్ణంబు = వైట్ బ్యాలెన్సును; సరిచూచి = చోటుకు తగినట్లు కుదిర్చి; తెరను = వెనుకనున్న ఎల్‌సీడీని; నమ్మకుండన్ = విశ్వసింపక; తెలివితోడన్ = బుద్ధితో; ఆపైన = అటు పిమ్మట; మీటన్ = షట్టరు బటనును; నొక్కవలయున్ = నొక్కవలెను.

వ్యాఖ్య

తేది గంట దిద్ది. ఫొటో ఫైలులో బొమ్మతో పాటు కనబడని చీటీ ఒకటి ఉంటుంది. దాన్ని ఎగ్జిఫ్ అంటారు. ఏ రోజు, ఏ గంటకు, ఏ నిమిషానికి తీశారో అందులో ఉంటుంది. ఫోను తన గడియారాన్ని నెట్‌వర్కును అడిగి సరిచేసుకుంటుంది. కెమెరాకు మామూలుగా ఆ దారి లేదు, మనం చెప్పిందే దానికి వేదం. లోపల గడియారానికి విడిగా చిన్న బ్యాటరీ ఉంటుంది. చాలా కెమెరాల్లో అది పెద్ద బ్యాటరీ నుంచే చార్జవుతుంది. పెద్ద బ్యాటరీ తీసేసి కెమెరాను బీరువాలో నెలల తరబడి వదిలేస్తే చిన్నది కూడా చల్లబడిపోతుంది, గడియారం కంపెనీవారు పెట్టిన ఏదో పాత జనవరి 1కి వెళ్లి కూర్చుంటుంది. నికాన్ కెమెరాల్లో అప్పుడు గడియారం గుర్తు ఒకటి మిణుకుమిణుకుమంటుంది. దాన్ని అలంకారం అనుకునేవాళ్లే ఎక్కువ. ఫలితంగా ఈ ఏటి సంక్రాంతి ముగ్గులు, మనవడు పుట్టక ముందటి ఏ సంవత్సరంలోనో తేలతాయి, ముగ్గు పక్కన మనవడితో సహా.

తేదీ రూపం కూడా చూసుకోవాలి. నెల ముందా, రోజు ముందా అన్నది మెనూలో వేరే అంశం. మనది రోజు ముందు పెట్టే దేశం. నెల ముందుండే రూపం పెట్టిన కెమెరాలో 05/06 అని కనబడితే జూన్ అయిదు అనుకుని ఊరుకుంటాం, అది మే ఆరు.

దేశకాలము నెంచి. ఈ పద్యానికి ప్రాణం ఇక్కడే ఉంది. మన కాలం గ్రీనిచ్ కంటే 5 గంటల 30 నిమిషాలు ముందు. దానికి ఆధారమైన 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మన కాకినాడకు చేరువగానే పోతుంది. జాబితాలో న్యూఢిల్లీ అని ఉన్నదాన్ని ఎంచుకుంటే ఈ మీమాంస అంతా తీరిపోతుంది. తీరనిది పెళ్లిళ్లలో.

ఉదాహరణము. విజయవాడలో వేసవి పెళ్లి, ముహూర్తం ఉదయం 10:35. ఊళ్లో ఫొటోగ్రాఫరు కెమెరా ఒకటి, న్యూజెర్సీ నుంచి వచ్చిన బావగారి కెమెరా ఇంకొకటి. బావగారు దిగిన నాడే ఫోను సిమ్ మార్చారు గానీ కెమెరా జోను మార్చలేదు. వేసవిలో అక్కడికీ ఇక్కడికీ తేడా తొమ్మిదిన్నర గంటలు. అంచేత ఆయన కెమెరా లెక్కలో జీలకర్ర బెల్లం పెట్టింది తెల్లవారుజామున 1:05కి. రెండు కెమెరాల ఫొటోలూ ఒకే ఫోల్డరులో పోసి వేళను బట్టి పేర్చితే ముందు జీలకర్ర బెల్లం, వెంటనే తలంబ్రాలు, ఆ తర్వాత తీరిగ్గా గౌరీపూజ, అటుపైన మేనమామ పెళ్లికూతుర్ని బుట్టలో మోసుకురావడం, మళ్లీ జీలకర్ర బెల్లం. ఒకే ముహూర్తానికి ఒకే జంటకు రెండు పెళ్లిళ్లు.

దీనికి చికిత్స ఉంది. తేడా ఎంతో తెలిస్తే కంప్యూటరులో ఒక కెమెరా ఫొటోలన్నింటినీ ఒక్క దెబ్బతో ముందుకో వెనక్కో జరపవచ్చు. తెలియనప్పుడే చిక్కు. అందుకని తెలిసినవాళ్లు పని మొదలయ్యే ముందు రెండు కెమెరాలతోనూ ఒకే ఫోను గడియారాన్ని, సెకన్లు కనబడేలా, ఒక్కో ఫొటో తీసి పెట్టుకుంటారు. ఎగ్జిఫ్‌లో టైమ్ జోను రాయడానికి ప్రత్యేకంగా గడి ఏర్పడింది 2016లో వచ్చిన 2.31 కూర్పుతోనే. అంతకు ముందటి కెమెరాలు గంట రాస్తాయి, ఏ దేశపు గంటో రాయవు.

ఇక్కడే డేలైట్ సేవింగ్ అని ఇంకొక గడి ఉంటుంది. కొన్ని కెమెరాల్లో దాని పేరు సమ్మర్ టైమ్. రోహిణి కార్తె కదా అని దాన్ని ఆన్ చేయరాదు. అది ఎండ తగ్గించదు, గడియారాన్ని ఒక గంట ముందుకు తోస్తుంది.

కార్డు తుడిచి. చొక్కా అంచుతో తుడవడం అని కొందరి అర్థం. అది గ్రాహ్యం కాదు. ఇక్కడ తుడవడమంటే ఫార్మాట్. కంప్యూటరులో కాదు, ఆ కెమెరాలోనే చేయాలి, అప్పుడు కార్డును తనకు కావలసిన పద్ధతిలో కెమెరాయే సిద్ధం చేసుకుంటుంది. 32 జీబీ వరకు కార్డులది ఫ్యాట్32 పద్ధతి, అంతకు మించినవాటిది ఎక్స్‌ఫ్యాట్. ఫొటోలు చేరే డీసీఐఎం అనే ఫోల్డరు అన్ని కంపెనీల కార్డుల్లోనూ ఒకే పేరుతో ఉండటానికి కారణం 1998 నాటి జపాను ప్రమాణం.

శంక: డిలీట్ ఆల్ కొడితే చాలదా? సమాధానము: చాలదు, రెండూ ఒకటి కావు. తాళం గుర్తు వేసి కాపాడుకున్న ఫొటోలను డిలీట్ ఆల్ ముట్టుకోదు. ఫార్మాట్ తాళాన్నీ చూడదు, తాళం వేసినవాడి ముఖాన్నీ చూడదు. కనుక "తుడిచి" అన్నదానికి ముందు "రెండు చోట్ల దాచుకొని" అనేది అధ్యాహారం చేసుకోవాలి. మూలకారుడు దాన్ని చెప్పకపోవడం పెద్ద లోపమే, ఛందస్సు కారణంగా క్షమిస్తున్నాం.

పొరపాటున తుడిచినవాడికి ఒక ఊరట. మామూలు ఫార్మాట్ ఊళ్లో ఇళ్లు కూల్చకుండా ఇంటి నంబర్ల పుస్తకం మాత్రం చించేసినట్టు ఉంటుంది. ఫొటోల చిరునామాలు పోతాయి గానీ చాలా కార్డుల్లో ఫొటోలు ఉన్నచోటే ఉంటాయి. ఆ క్షణం నుంచి ఒక్క ఫొటో కూడా కొత్తగా తీయకుండా కార్డు బయటికి తీస్తే రికవరీ సాఫ్ట్‌వేరుతో వెనక్కి వచ్చే అవకాశముంది. అయ్యో పోయాయే అని అదే కార్డు మీద మళ్లీ తీయడం మొదలుపెడితే పాతవాటి మీద కొత్తవి పడతాయి.

కూత కట్టివేసి. ఫోకస్ కుదిరినప్పుడల్లా బీప్‌మనడం కెమెరాలకు పుట్టుకతో వచ్చిన అలవాటు. మాంగల్యధారణ వేళ పురోహితుడి మంత్రానికి ఇది తాళం వేయనక్కర్లేదు. షట్టరు చప్పుడు కూడా వద్దని సైలెంట్ షూటింగ్ పెడతారు కొందరు. అది చాలా కెమెరాల్లో ఎలక్ట్రానిక్ షట్టరు. మండపంలో ఎల్ఈడీ దీపాలుంటే ఫొటో నిండా అడ్డచారలు పడే ప్రమాదం ఉంది. బీప్ తీస్తే చాలు.

వరుస సంఖ్య నిలిపి. ఫైలు పేరు చివర అంకెలు నాలుగే. 0001 నుంచి 9999 దాకా వెళ్లి మళ్లీ మొదటికి వస్తుంది. మెనూలో ఈ లెక్క "కొనసాగించు" అనైనా ఉంటుంది, "ప్రతిసారీ మొదటి నుంచి" అనైనా ఉంటుంది. రెండోది ఉంటే కార్డు తుడిచినప్పుడల్లా ఒకటో నంబరు ఫొటో కొత్తగా పుడుతుంది. అన్నప్రాశనలో ఒక 0001, అక్షరాభ్యాసంలో ఇంకొక 0001. ఇంట్లో ఎవరో రెండో కార్డును మొదటిదాని ఫోల్డరులోకే కాపీ చేస్తారు. ఈ పేరుతో ఫైలు ఉంది, దాని స్థానంలో పెట్టమంటావా అని కంప్యూటరు మర్యాదగానే అడుగుతుంది. చదవకుండా ఓకే నొక్కే గుణం అవతారికలోనే చెప్పాం.

వర్ణంబు సరిచూచి. కాంతికి రంగు ఉంటుంది, కెల్విన్లలో కొలుస్తారు. పాత పసుపుపచ్చ బల్బు దాదాపు 3000, మధ్యాహ్నపు ఎండ 5200 ప్రాంతం, నీడపట్టున 7000 పైన. ఆటోలో పెడితే కెమెరా తానే ఊహిస్తుంది, చాలాసార్లు బాగానే ఊహిస్తుంది. దాని ఊహ బెడిసికొట్టేది ఎర్ర షామియానా కింద. పైనున్న గుడ్డ గుండా దిగే ఎండకు తాతగారి పంచె, పూలజడలో మల్లెలు, వడ్డించిన అన్నం అన్నీ ఎర్రబారతాయి. అక్కడ ఆటో కాదు, ప్రీసెట్ పనికొస్తుంది. ఆ వెలుగులోనే తెల్లకాగితం పట్టుకుని దాన్ని ఫొటో తీసి "ఇదే తెలుపు" అని కెమెరాకు చెప్పాలి. అప్పటికీ గుడ్డ అంచున, సగం ముఖం ఎండలో సగం ఎరుపులో కూర్చున్న పెద్దమ్మను ఏ మెనూ కాపాడలేదు. జరిగి కూర్చోమనడమే.

శంక: రా, అనగా కెమెరా దిద్దని ముడి ఫైలు, తీస్తే వైట్ బ్యాలెన్సు తర్వాత మార్చుకోవచ్చు కదా, మూలకారుడు రా మాటే ఎత్తలేదేం? సమాధానము: మార్చుకోవచ్చు. 14 బిట్ల రా ఫైలులో ఒక్కో రంగుకు 16,384 మెట్లు, జేపెగ్‌లో 256. అయితే రా తీసేవాడు ఇంటికొచ్చి ప్రతి ఫొటో ముందూ కూర్చోవాలి. పెళ్లి అయిన రాత్రే వాట్సాప్ గ్రూపులో ఫొటోలు పడాలనే అత్తయ్యలున్న వంశంలో పుట్టినవాడికి చెప్పిన పద్యమిది. వీలైతే రా, జేపెగ్ రెండూ పెట్టమని మా మతం, కార్డులో చోటుంటే.

పాఠభేదము గురించి ఒక మాట. నికాన్ కెమెరాల్లో ఫైలు పేరు కొందరికి డీఎస్‌సీ తర్వాత అడ్డగీతతో, కొందరికి డీఎస్‌సీకి ముందు అడ్డగీతతో కనబడుతుంది. లేఖక దోషమనుకోరాదు. కలర్ స్పేస్ ఎస్ఆర్‌జీబీ అయితే గీత వెనక, అడోబ్ ఆర్‌జీబీ అయితే గీత ముందు. పేరుకు రెండోది విశాలమైనదే గానీ, దాన్ని చదవడం రాని ల్యాబుకు పంపితే పట్టుచీర రంగు వెలిసిపోయి వస్తుంది. గీత ముందుకొచ్చిందంటే ఎవరో మెనూలో వేలు పెట్టారన్నమాట.

తెరను నమ్మకుండ. తెర వెలుతురు పెంచే అంశం మెనూలో ఉంది. అది ఫొటో వెలుతురును పెంచదు. చీకటి హాల్లో తెర బాగా వెలుగుతూ ఉంటే నల్లబడిన ఫొటో కూడా దివ్యంగా కనబడుతుంది, ఇంటికెళ్లాక అసలు రంగు తెలుస్తుంది. మండుటెండలో ఇందుకు వ్యతిరేకం. కాబట్టి అద్వైతుల మాటలో చెప్పాలంటే తెర మిథ్య, వెలుతురు లెక్క చూపే హిస్టోగ్రామ్ సత్యం. ప్లేబ్యాక్ మెనూలో హైలైట్స్ అనేదాన్ని ఆన్ చేస్తే వెలుతురు మితిమీరిన చోట్లు నల్లగా, తెల్లగా కొట్టుకుంటాయి. పెళ్లికొడుకు పంచె అలా కొట్టుకుంటుంటే ఎక్స్‌పోజరు ఒక మెట్టు తగ్గించాలి.

తెలివితోడ. మెనూలో ఇంకా వంద అంశాలుండగా కవి కొన్నింటినే ఎందుకు ఏరుకున్నాడన్న ప్రశ్నకు జవాబు ఈ పదంలో ఉంది. పిక్చర్ స్టైల్ తప్పుగా ఉంటే, బొమ్మ నలుపు తెలుపుల్లోకి పోతే, ఫొటో తీసిన మరుక్షణం తెలిసిపోతుంది. కవి ఏరింది చప్పుడు చేయకుండా చెడగొట్టేవాటిని. తేదీ, జోను, నంబరు, రంగు, తెర అన్నీ ఆ కోవలోవే. బీప్ ఒక్కటే అపవాదం, అది చప్పుడు చేస్తూనే చెడగొడుతుంది.

తాత్పర్యము

ఓ మిత్రుడా! కెమెరాలో తేదీని, వేళను, టైమ్ జోనును సరిచేసి, కార్డును ఫార్మాట్ చేసి, బీప్ ఆపి, ఫైలు నంబరు తెగకుండా చూసి, వైట్ బ్యాలెన్సు కుదిర్చి, తెరను నమ్మక బుద్ధిని నమ్మి, అప్పుడు షట్టరు నొక్కుము అని భావము.

శేషము

కార్డు "తుడిచి" అన్నాడు గానీ కార్డు "పెట్టి" అనలేదు. పెట్టనిదే తుడవడం కుదరదు గనుక వేరే చెప్పనక్కర్లేదని ఒక పక్షం. ఫొటోలు కాపీ చేయడానికి కార్డు తీసి ల్యాప్‌టాపుకు పెట్టి, దాన్ని అక్కడే మరిచి పెళ్లికి బయలుదేరేవాళ్లు కవి కాలంలో లేరని ఇంకొక పక్షం. చాలా కెమెరాలు కార్డు లేకపోయినా షట్టరును నొక్కనిస్తాయి. నికాన్‌లో ఆ బొమ్మ తెర మీదకు వస్తుంది కూడా, మూల డెమో అని చిన్న అక్షరాలతో. ఎక్కడా నమోదు కాదు. దీన్ని ఆపే అంశం నికాన్‌లో స్లాట్ ఎంప్టీ రిలీజ్ లాక్, కెనాన్‌లో రిలీజ్ షట్టర్ వితౌట్ కార్డ్. మొదటిది లాక్ మీద, రెండోది డిజేబుల్ మీద పెట్టాలి. ఈ రెండు పేర్లలో ఏదీ పద్యంలో ఇమడదు.