పెట్టె మీది పేరు

నా పెట్టె మీద ‘బాడీ మసాజర్’ అని ఉంటుంది. అందులో అబద్ధం లేదు. మెడ మీద పెడితే మెడ పట్టు వదులుతుంది, పిక్క మీద పెడితే పిక్క నొప్పి తగ్గుతుంది. అయితే నన్ను కొన్నవాళ్ళు మెడ కోసం కొనలేదు, అమ్మినవాళ్ళూ అందుకని అమ్మలేదు. ఏమీ తెలియనివాడు నన్ను కూకట్‌పల్లి దాకా మోసుకొచ్చిన డెలివరీ కుర్రాడొక్కడే. గుమ్మంలో నిలబడి ఓటీపీ అడిగాడు. ఆ నాలుగంకెలు చెప్పడానికి మా ఇంటావిడ మూడుసార్లు తడబడింది.

నేను పుట్టింది చైనాలోని షెన్‌జెన్‌లో. తల బంతిలా గుండ్రంగా, మెత్తటి సిలికోన్‌తో ఉంటుంది. పిడి గట్టి ప్లాస్టిక్. లోపల బొటనవేలంత మోటారు, దాని ఇరుసుకు ఒక పక్కనే తగిలించిన బరువు. వాషింగ్ మెషీన్‌లో తడిసిన దుప్పటి ఒక మూలకు చేరితే స్పిన్ మొదలవగానే మెషీన్ దడదడలాడుతూ నడిచొస్తుంది చూడండి, నాదీ అదే సూత్రం. అక్కడ అది తప్పు, ఇక్కడ అదే పని. నాలో ఇంతకు మించి మాయ లేదు. ఎవరికీ చెప్పుకోలేక బీరువాలో మూలుగుతున్నాను గానీ, జనానికి నా మీదున్న ఆశలూ భయాలూ వింటే నాకే నవ్వొస్తుంది.

మా వంశానికి మూలపురుషుడు లండన్ డాక్టరు జోసెఫ్ మార్టిమర్ గ్రాన్‌విల్ అని చెప్పుకుంటారు. 1880లలో కండరాల నొప్పులకూ నరాల బాధలకూ ఆయన కరెంటుతో కొట్టుకునే పరికరం చేశాడు. ఆ కాలం డాక్టర్లు హిస్టీరియా పేరుతో ఆడవాళ్ళకు దీన్ని వాడేవారని 1999లో ఒక పుస్తకం వచ్చాక లోకమంతా ఆ కథే తిరిగింది, సినిమా కూడా తీశారు. 2018లో ఇద్దరు పరిశోధకులు ఆ పుస్తకం చూపిన ఆధారాలన్నీ తిరగేస్తే అలా జరిగిందనడానికి రుజువే దొరకలేదు. గ్రాన్‌విల్ అయితే తన యంత్రం ఆడవాళ్ళ మీద వాడనని తనే రాసుకున్నాడు. కథ బాగుంటే రుజువు ఎవరడుగుతారు?

నాకు నిజమైన నాయనమ్మ 1968లో అమెరికాలో అమ్మకానికొచ్చిన హిటాచీ మ్యాజిక్ వాండ్. దాని పెట్టె మీదా మసాజర్ అనే ఉండేది. న్యూయార్క్‌లో 1970లలో ఆడవాళ్ళకు వాళ్ళ ఒంటి గురించి తరగతులు నడిపిన బెట్టీ డాడ్సన్ దాన్ని చేతికిచ్చి చూపించేది. ఆ పేరు చాటునే మేం దేశాలు తిరిగాం. మన దేశంలో కస్టమ్స్ వాళ్ళు బాడీ మసాజర్ల సరుకును పట్టుకుని, ఇవి అశ్లీల వస్తువులు, 1964 నాటి నోటిఫికేషన్ ప్రకారం నిషిద్ధం అన్నారు. 2024 మార్చిలో బొంబాయి హైకోర్టు అదంతా అధికారి ఊహ అని కొట్టేసింది. పెట్టె మీది పేరు కోర్టు దాకా వెళ్ళి గెలిచొచ్చిందన్నమాట.

ఈ ఇంటికి రాకముందు గోదాములో ఒకే అరలో మేం రకానికొకరం ఉండేవాళ్ళం. వేలంత బుల్లెట్ ఉండేది. దాని మోత దోమలా సన్నం, అదురు చర్మం పైపైనే ఆగుతుంది. నాలాంటి వాండ్‌ది బొంగురు గొంతు, అదురు లోతుకు పోతుంది. కొందరికి అది నచ్చుతుంది, కొందరికి ఇది. ముందుగా ఎవరూ చెప్పలేరు. పక్కనే కుందేలు చెవులది. ఆ ఆకారం 1980లలో జపాన్ నుంచి వచ్చింది. అచ్చం అవయవంలా చేస్తే అక్కడి చట్టం ఊరుకోదని జంతువుల బొమ్మల్లా చేశారు. 2014లో జర్మనీలో పుట్టిన గాలి రకం అసలు అదరదు, చిన్న మూతితో గాలిని ఒత్తి వదులుతుంది. దాన్ని తగిలించీ తగిలించనట్టు పెట్టుకోవాలి. గట్టిగా నొక్కితే పని చేయట్లేదని వాపసు పంపేవాళ్ళు.

అందరికన్నా ఎక్కువ నిరాశపరిచేది ఏ కదలికా లేకుండా లోపలికి వాడుకునే రకం. తప్పు దానిది కాదు. ఆస్ట్రేలియా సర్జన్ హెలెన్ ఓకానెల్ 1998లో చూపించేదాకా క్లిటోరిస్ అసలు ఆకారం వైద్య పుస్తకాల్లోనే సరిగా లేదు. పైకి కనిపించేది గింజంత, మిగతాదంతా లోపల పాయలుగా ఉంటుంది. దానికి 10,000కు పైగా నరాల పోగులుంటాయని 2022లో అమెరికాలో లెక్కగట్టారు. చాలామంది ఆడవాళ్ళకు సుఖం అక్కడ మొదలవుతుంటే, అమ్మేవాళ్ళు పొడుగూ లావూ కొలతలు అచ్చువేసి అమ్ముతారు. దాన్ని పిలవడానికి తెలుగు నిఘంటువులో సంస్కృతం మాట ఉంటుంది గానీ ఎవరి నోట్లోనూ ఉండదు. నాకు పేరు లేదని బాధపడేవాణ్ణి, ఒంట్లో ఉన్నదానికే లేనప్పుడు నాదేముందిలే అనుకున్నాను.

మా ఇంటావిడకు నలభై ఆరు. నెలసరి తప్పుతూ, తడవతడవకూ మంటా పొడిదనమూ. మా ఇంటాయనకు యాభై ఒకటి, తొమ్మిదేళ్ళుగా షుగర్. షుగర్ నరాలనూ రక్తనాళాలనూ మెల్లగా తినేస్తుంది కాబట్టి ఆయనకూ మునుపటిలా లేదు. రెండేళ్ళుగా ఇద్దరూ ఆ సంగతి ఎత్తకుండా కరెంటు బిల్లు గురించి మాట్లాడుకుంటూ నిద్రపోయేవారు. ఒకరోజు గైనకాలజిస్టే అడిగింది, “మీ ఇద్దరి మధ్యా ఎలా ఉందమ్మా?” అని. ఇంత మాట ఇంతవరకూ ఆవిణ్ణి ఎవరూ అడగలేదు.

ఆ మాట తర్వాతే, నాకన్నా ముందు, ఈ ఇంటికి ఒక చవకది వచ్చింది. గులాబీ రంగు, జెల్లీలా ఊగేది. పెట్టె తెరవగానే కొత్త రెయిన్‌కోటు వాసన. మెత్తదనం కోసం కొన్ని చవక ప్లాస్టిక్కుల్లో థాలేట్లు అనే రసాయనాలు కలుపుతారు. పైగా ఒంటినిండా కంటికానని రంధ్రాలు, ఎంత కడిగినా మురికి పూర్తిగా వదలదు. నెల తిరిగేసరికి సొరుగులో జిగురు కారి, కింద పరిచిన న్యూస్‌పేపర్ అక్షరాలు దాని వీపు మీదికి ఎక్కాయి. బంగారం ధర తిరగబడి కనిపించింది. అది చూసి ఆవిడ నవ్వి దాన్ని చెత్తలో పడేసింది. అప్పుడు నన్ను తెప్పించింది. ఇలాంటి వస్తువులు ఎలా చేయాలో 2021లో ఐఎస్ఓ 3533 అని ఒక అంతర్జాతీయ ప్రమాణం కూడా వచ్చింది. పెట్టె మీద ఆ సంఖ్య వెతికేంత ఓపిక ఎవరికుంది?

మొదటి రాత్రి నన్ను రెండు గంటలు ఛార్జింగ్ పెట్టి, ఫ్యాన్ ఐదులో తిప్పి, తలుపు రెండుసార్లు చూసుకుని నొక్కారు. నా మోతకు ఆయన ఉలిక్కిపడ్డాడు. నేరుగా పై స్పీడుకి వెళ్ళారు, అదే పొరపాటు. నిమిషంలో ఆవిడ, “అబ్బ, తీసేయండి, మొద్దుబారిపోయింది” అంది. తగ్గించి, పల్చటి బట్ట మీంచి, పక్కపక్కన మొదలుపెట్టాలని నా కాగితంలో రాసే ఉంది, చదివితేగా. ఆ తిమ్మిరి కాసేపట్లో దానంతటదే పోతుంది. 2009లో అమెరికాలో రెండు వేలమందికి పైగా ఆడవాళ్ళను అడిగి చూస్తే సగానికి పైగా మాలాంటివి వాడినవాళ్ళే. వాళ్ళలోనూ నూటికి డెబ్బై మందికి ఏ ఇబ్బందీ ఎప్పుడూ రాలేదు.

రెండో పొరపాటు వంటింట్లోంచి వచ్చింది. పొడిదనానికి కొబ్బరినూనె. ఒంటికి మంచిదే గానీ వాళ్ళు కండోమ్ వాడుతున్నారు, నూనె తగిలితే రబ్బరు బలహీనపడి చిరుగుతుంది. నలభై ఆరైనా నెలసరి పూర్తిగా ఆగకపోతే గర్భం రాదన్న భరోసా లేదని డాక్టరమ్మ మందలించింది. నీటితో చేసిన జెల్ రాసిచ్చింది. సిలికోన్ జెల్ అయితే నా తల చర్మమే పాడవుతుంది, జాతి ఒకటే అయినా పొసగదు.

ఆయన అడిగిన, అంగానికి తొడిగే రింగుకు మాత్రం డాక్టరమ్మ ఒప్పుకోలేదు. షుగర్ ఉన్నవాళ్ళకు అక్కడ స్పర్శ తగ్గి ఉంటుంది, బిగుసుకుపోయినా తెలియదు. ఆరోగ్యవంతులైనా అరగంట దాటనివ్వకూడదట. ఇంకో సంగతి కూడా ఆవిడ గొంతు తగ్గించకుండానే చెప్పింది: మలద్వారంలో వాడేదానికి వెడల్పాటి అడుగు లేకపోతే లోపలికి జారిపోతుంది, తీయడానికి ఆసుపత్రికే రావాలి. ఆయన కళ్ళు నేలకేసి ఉన్నాయి. ఆవిడ మాత్రం శ్రద్ధగా తలూపింది.

ఆయన మనసులో ఉన్నది మూడో వారానికి బయటపడింది.

“ఏమోయ్, ఇక నాతో పనిలేదంటావా?”

“మిక్సీ కొన్నామని నా చేతి వంట మానేశారా మీరు?”

“మిక్సీ వచ్చాక రోటిని బాల్కనీలోకి తోసేశావుగా!”

ఆవిడ కాసేపు ఆలోచించింది. “గోంగూర పచ్చడికి ఇప్పటికీ రోలే కదండీ.”

ఆ రాత్రి వాళ్ళు నవ్విన నవ్వుకు నా మోత వినపడలేదు. తర్వాతి నుంచి నన్ను ఆయనే పట్టుకునేవాడు. “ఇక్కడా? ఇంకొంచెం పక్కకా?” అని అడిగేవాడు. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆ ప్రశ్న మొదటిసారి విన్నట్టు ఆవిడ ఒక క్షణం ఆగి, తర్వాత జవాబు చెప్పేది. పని అయ్యాక గోరువెచ్చని నీళ్ళూ సబ్బుతో నా తల మాత్రం కడిగి, ఉతికిన నూలు గుడ్డతో తుడిచి పట్టుచీరల మధ్య పెడుతుంది. ఛార్జింగ్ రంధ్రంలోకి నీళ్ళు పోకుండా పిడి పైకెత్తి పట్టుకోవడం ఆయన డ్యూటీ.

సంక్రాంతి వెళ్ళాక తెనాలి నుంచి అత్తగారొచ్చారు. మావాళ్ళిద్దరూ నన్ను ప్లగ్‌లో పెట్టి మరిచిపోయారు, అది ఆవిడ కంటపడింది.

“ఏంట్రా ఇది?”

“మసాజర్ అమ్మా... మోకాళ్ళకి.”

“మరి నా మోకాళ్ళకెందుకు పెట్టలేదురా ఇన్నాళ్ళూ?”

ఆ రాత్రే ఆయన ఫోన్‌లో అచ్చం నాలాంటిదే ఇంకొకటి ఆర్డర్ చేశాడు. ఈసారి గుమ్మంలో ఓటీపీ గట్టిగా, అపార్ట్‌మెంటంతా వినపడేలా చెప్పాడు. అదే పెట్టె, పెట్టె మీద అదే మాట. అది హాల్లో టీవీ పక్కన దర్జాగా ఛార్జింగ్ అవుతుంది, నేను బీరువాలో. సీరియల్ వచ్చే వేళకు అత్తగారు మోకాలి మీద పెట్టుకుని, “ఈ తుమ్మెద లేకపోతే నాకు రాత్రి నిద్రేది!” అని పక్కింటావిడకు చెబుతుంటారు.

మొన్న రాత్రి దీపం ఆర్పాక మా ఇంటావిడ చీకట్లో మెల్లగా అడిగింది.

“ఏమండీ, మన తుమ్మెదకు ఛార్జింగ్ ఉందా?”

ఆయన దిండులో ముఖం దాచుకుని నవ్వుతూ, “మా అమ్మ పెట్టిన పేరే నీకు దొరికిందటే!” అన్నాడు.